రెండాటల్లోనూ ఆయనే

కీపరు బంతి పట్టుకుని, అడగాలా వద్దా అన్నట్టు "హౌ..." అన్నాడంతే. మాట పూర్తి కాకముందే అంపైరు వేలు పైకి లేచింది.

మురళీధర్ క్రీజులోనే నిలబడిపోయాడు. అతని స్కోరు తొంభై మూడు. బంతి తగిలింది తొడకి కట్టుకున్న ప్యాడ్‌కి. బ్యాటు దాని దరిదాపుల్లో కూడా లేదు.

"నడు," అన్నాడు అంపైరు రాజాబాబు, అతని మొహం వంక చూడకుండా.

మరోదా మైదానం అంచున, షామియానా కింద, రాయపూర్ నుంచి వచ్చిన ముగ్గురు సెలెక్టర్లు కాగితాల మీద ఏదో రాసుకుంటున్నారు. వాళ్లు వచ్చిందే ఇద్దరు ఆటగాళ్లను చూడటానికి. అందులో మురళీధర్ ఒకడు. ఇరవై తొమ్మిదేళ్లు. ఉక్కు ప్లాంటులో ఠేకేదారు కింద కాంట్రాక్టు పని. రాష్ట్ర జట్టులోకి వెళితే ఆటగాళ్ల కోటాలో పర్మినెంటు ఉద్యోగం వస్తుంది. వచ్చే ఏడాదికి ఆ కోటాకి వయసు కూడా దాటిపోతుంది.

అతను బ్యాటు ఈడ్చుకుంటూ వచ్చి, ప్యాడ్లు విప్పి నేలకేసి కొట్టాడు.

"ఏట్రా ఇది?" అన్నాడు బాలు. ఏడేళ్లుగా ఇద్దరిదీ ఒకే జట్టు. "అవతల చరోదా జట్టోళ్లే నవ్వుకుంటన్నారు. కీపరుకే నమ్మకం లేదు. ఈయనకెలగ కనబడిందిరా?"

"ఆయనకి నేను కనబడితే చాలు. ఔటే."

"నువ్వే ఓ మాట అడగొచ్చు కదేటి?"

"అడిగితే ఇంకా బిగిసిపోతాడు. నీకు తెలీదేటి?"

ఆ టౌన్‌షిప్పులో ఆట చూసే ప్రతివాడికీ తెలిసిన సంగతే అది.

మురళీధర్ మొదట ఫుట్‌బాల్ ఆటగాడు. ఎడమ పక్క నుంచి బంతి తీసుకుని బయల్దేరాడంటే ఎదుటి జట్టు కాలనీవాళ్లు కూడా ఈలలు వేసేవాళ్లు. పంతొమ్మిదో ఏట ఒక ఫైనల్లో డిఫెండరు అతని చీలమండ మీద తన్నాడు. మురళీధర్ లేచి వాణ్ని తోశాడు. రెఫరీగా ఉన్న రాజాబాబు తన్నినవాణ్ని నోటితో మందలించి, తోసినవాడికి ఎర్ర కార్డు చూపించాడు. ఆ రోజు కూడా సెలెక్టర్లు వచ్చి ఉన్నారు.

మూడేళ్ల తర్వాత ఇంకో ఫైనల్. ఆఖరి నిమిషంలో మురళీధర్ గోల్ కొట్టాడు. లైన్స్‌మన్ జెండా ఎత్తలేదు. రాజాబాబు ఈల ఊదాడు. ఆఫ్‌సైడ్.

మర్నాడే బూట్లు ఎవరికో ఇచ్చేసి మురళీధర్ క్రికెట్‌కి మారిపోయాడు. అంతవరకూ చలికాలంలో సరదాకి ఆడే ఆట. ఇప్పుడదే లోకమైంది. ఫుట్‌బాల్ రెఫరీకి క్రికెట్‌లో ఏం పనిలే అనుకున్నాడు. రెండేళ్లు హాయిగా పరుగులు చేశాడు.

మూడో ఏడాది, తన యాభై ఆరో ఏట, రాజాబాబు పుస్తకాలు ముందేసుకుని చదివి అంపైర్ల పరీక్ష పాసయ్యాడు. ఆ మాట వినగానే మురళీధర్‌కి ఒళ్లు మండిపోయింది.

"ఈ వయసులో మీకెందుకివన్నీ?" అని అడిగేశాడు.

"మోకాళ్లు పట్టేశాయి. బంతి వెనకాల పరిగెత్తలేను. నిలబడి చూడగలను కదా," అన్నాడాయన.

ఇక మొదలైంది. బ్యాటుకి తగిలిన బంతికి ఎల్బీడబ్ల్యూ. గీత దాటి అడుగు వేశాక రనౌటు. ఇవతల మురళీధర్ పళ్లు కొరుక్కుంటుంటే అవతలి జట్లవాళ్లు మాత్రం "రాజాబాబు గారి నిజాయితీని ఎవడూ వేలెత్తి చూపలేడు" అని మెచ్చుకునేవాళ్లు.

ఈ రోజు మాత్రం మురళీధర్ ఊరుకోలేకపోయాడు. టీ విరామంలో నేరుగా ఆయన దగ్గరికే వెళ్లాడు. రాజాబాబు చేతిలో ఆరు గులకరాళ్లున్నాయి. ఓవరు లెక్క తప్పకుండా జేబులో ఉంచుకునే రాళ్లు.

"బ్యాటుకి తగల్లేదు. మీకూ తెలుసు."

"అనుమానం వచ్చింది."

"అనుమానం వస్తే లాభం బ్యాటరుకి ఇవ్వాలి. రూలు మీకు నేను చెప్పాలా?"

ఆయన ఒక్కొక్క రాయీ జేబులో వేసుకున్నాడు.

"అది మిగతావాళ్లకి," అన్నాడు.

సాయంత్రం జాబితా చదివారు. అరవై కొట్టిన రెండోవాడి పేరుంది. మురళీధర్ పేరు లేదు.

అతనికి ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. కోహ్కాలో బాలు గదిలోనే ఉండిపోయాడు. తెల్లారాక నేరుగా టోర్నమెంటు ఆఫీసుకి వెళ్లి ఫిర్యాదు ఫారం ఇమ్మన్నాడు.

కార్యదర్శి మనోజ్‌కుమార్ వెంటనే సొరుగు తెరవలేదు.

"సోచ్ లో భయ్యా, ఆలోచించుకో. ఈ కాగితం ఒకసారి పైకెళ్లిందంటే ఆయన మళ్లీ గ్రౌండులోకి రాలేడు. రిటైరయ్యాక ఆయనకి ఇదొక్కటే కదా మిగిలింది."

"నాకేటి మిగిలింది?"

మనోజ్‌కుమార్ ఫారం తీసి ముందు పెట్టాడు.

"ఫిర్యాదు ఎవరి మీద" అన్నచోట మురళీధర్ రాజాబాబు అని రాశాడు. "కారణం" అన్న గడి సరిపోలేదు. ఎర్ర కార్డు నుంచి నిన్నటి వేలు దాకా, పదేళ్ల రెండాటలూ కాగితం వెనక్కి తిప్పి రాశాడు. మనోజ్‌కుమార్ అంతా చదివి, అడుగున ఖాళీగా ఉన్న రెండు గడులు చూపించాడు.

మురళీధర్ మొదటి గడిలో తన పేరు రాసి, "తండ్రి పేరు" అన్న రెండో గడి దగ్గర పెన్ను కాసేపు ఆపి, మళ్లీ రాజాబాబు అనే రాశాడు.