చివరి చెంబు

"ఈ ఇనప డబ్బా మా పిన్ని కన్నా తక్కువ నీళ్లతో కడుగుతుందా? ఏదీ, కడగమనండి చూద్దాం!" వంటవాడు గరిటె పక్కన పడేసి మరీ గొడవకు దిగాడు.

క్యాంటీన్ వెనక గదిలో, గిన్నెలు తోమే తొట్టి పక్కనే కొత్త మిషను పెళ్లికొడుకులా నిలబడి ఉంది. దాన్ని తెచ్చిన సేల్స్‌మన్ నవ్వాడు. "చేత్తో తోమితే పది బకెట్లండీ. దీనికి రెండే."

"మరి కరెంటు తాగదా?"

"నీళ్లు కాగడానికి తాగుతుంది," నిజం ఒప్పుకున్నాడు సేల్స్‌మన్.

"కరెంటు సంగతి తర్వాత. మనకు కటకట నీళ్లకే," అన్నాడు యజమాని. "పోటీ పెడదాం. మిషను గెలిస్తే ఉంటుంది. చుక్కమ్మ పళ్లేలు దాంట్లో సర్దితే చాలు, జీతం అదే. ఓడిందా, సాయంత్రానికల్లా వెనక్కి."

"ఇరవై ఏళ్లు తొట్టినేలిన మనిషి ఆ డబ్బాకు ఊడిగం చెయ్యాలా!" వంటవాడు పళ్లు కొరికాడు.

చుక్క నీరు వృథా పోనివ్వదని పిన్నికి చుక్కమ్మ అని పేరు పెట్టింది అతనే. ఆమె మాత్రం తొట్టి పక్కన కొంగు దోపుకుంటోంది.

మిషనులో నలభై పళ్లేలు, నలభై గ్లాసులు పెట్టారు. ముప్పావుగంట గురగురలాడింది. గొట్టంలోంచి బయటికొచ్చిన నీళ్లు కొలిస్తే సరిగ్గా రెండు బకెట్లు. పళ్లేల్లో మొహాలు కనిపిస్తున్నాయి.

చుక్కమ్మ ముందు కూడా నలభై, నలభై పెట్టారు. రెండు బకెట్ల నీళ్లిచ్చారు.

ముందు పాత కాగితంతో ఎంగిలి, జిడ్డు తుడిచేసింది. తోమడం అంచు చొట్టపడిన పళ్లెంతో మొదలెట్టింది. పీచు తడిపిందంతే, ధార కట్టనివ్వలేదు. గ్లాసులు తొలిచిన నీళ్లు పళ్లేలకు, పై పళ్లెం మీంచి జారిన నీళ్లు కింది పళ్లేనికి. ఒక్కో చెంబు నీళ్లు నాలుగు చాకిర్లు చేశాయి. సేల్స్‌మన్ గొంతుకూర్చుని కళ్లప్పగించాడు.

"మా కంపెనీ ఇంజనీర్లను ఈవిడ దగ్గర కూర్చోబెట్టాలి సార్," అన్నాడు.

అన్నీ అయిపోయాయి. రెండో బకెట్ అడుగున ఇంకా నాలుగు వేళ్ల లోతు నీళ్లున్నాయి. వంటవాడు ఈల వెయ్యడానికి రెండు వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు.

"దీనికి జిడ్డు పోలేదు," అంటూ చుక్కమ్మ ఒక పళ్లెం తీసి, ఉన్న నీళ్లన్నీ దాని మీద గుమ్మరించింది. కుళాయి తిప్పి ఇంకో చెంబు పట్టి, అదీ పోసింది.

"చెంబుడు తేడాలో ఓడిపోయాను బాబూ," అంది యజమానితో.

యజమాని మిషనును తట్టి లోపలికి వెళ్లాడు. సేల్స్‌మన్ గెలిచి కూడా ఆమెకే దండం పెట్టి వెళ్లాడు.

వంటవాడు ఆ పళ్లెం చేతిలోకి తీసుకున్నాడు. అంచు చొట్టపడి ఉంది.

"పిన్నీ! నువ్వు అన్నిటికన్నా ముందు కడిగిన పళ్లెం కదే ఇది! గెలిచిన ఆట చేతులారా పోగొట్టుకున్నావేమే?"

చుక్కమ్మ నానినాని చీలిపోయిన పది వేళ్లూ అతని మొహం ముందు పెట్టింది.

"గెలిచుంటే, రేపట్నించి మళ్లీ ఇవన్నీ తోమేదెవర్రా... నువ్వా?"