జెల్లీ దారం

“లాగి చూడొచ్చా?” అందావిడ.

“లాగండి, మెలిపెట్టండి, ముడి వెయ్యండి. మీ ఇష్టం,” అన్నాడు జెల్లీ బాబాయ్.

యాభై దాటిన ఆ ల్యాబ్ టెక్నీషియన్‌కి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. తొమ్మిదేళ్లుగా ఆయనకు ఒకటే పని. నీళ్లు నింపుకున్న మెత్తటి జెల్‌ను అగ్గిపుల్లకన్నా సన్నటి దారంగా పోయడం. ఆ దారం మనిషి ఒంట్లోకి వెలుగును మోసుకెళ్లాలి.

పొద్దున్నే పెద్ద డాక్టరు ఫోన్ చేశారు. “పదకొండింటికి ఒకావిడ వస్తున్నారు బాబాయ్. అన్నీ దగ్గరుండి చూపించు. ఆవిడ సంతకం పెడితేనే మనిషికి మొదటిసారి అమర్చేది. లేదంటే మన తొమ్మిదేళ్ల చాకిరీ గంగపాలే.”

అనుమతుల కమిటీ వాళ్లతో మాట్లాడటం బాబాయ్‌కి కొట్టిన పిండి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ సిద్ధమయ్యాడు. వచ్చినావిడ మాత్రం నోటుపుస్తకం నిండా ప్రశ్నలు రాసుకొచ్చింది.

ఆవిడ దారానికి వదులుగా ముడి వేసింది. బాబాయ్ ఒక కొసన నీలం దీపం పెట్టాడు. వెలుగు ముడి దాటుకుని రెండో కొసకు చేరింది.

“పొట్ట చర్మం మీద బొత్తాం అంత దీపం, కింద ఈ దారం. దీని కొసన బతికున్న కణాలు ఉంటాయి. వెలుగు తగిలిందంటే ఇన్సులిన్ తయారుచేస్తాయి. రోజుకు నాలుగు సూదులు పొడిపించుకునే బాధ తప్పుతుంది,” అన్నాడు.

“పరిగెత్తితే?”

“ఏం కాదు మేడమ్.”

“మెట్ల మీంచి దూకితే?”

“కండ ఎటు వంగితే ఇదీ అటే వంగుతుంది. గాజుదైతే భయపడాలి గానీ.”

“వెక్కి వెక్కి ఏడిస్తే పొట్ట బిగుసుకుంటుంది కదా. అప్పుడో?”

బాబాయ్ తెల్లబోయాడు. ఎన్ని కమిటీలను చూశాడో, ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. ఈవిడెవరో పనిలో పండిపోయిన అధికారి అనుకుని, ఒక్కో దారాన్నీ వెయ్యిసార్లు నొక్కి చూసిన పరీక్షల కాగితాలు ముందు పెట్టాడు.

ఆవిడ అవన్నీ ఓపిగ్గా చదివింది. “ఒక్కటీ చెడిపోలేదా?”

‘లేదు’ అంటే చాలు, సంతకం చేతిలో పడుతుంది. కానీ ఆ అబద్ధం ఆయన నోట రాలేదు.

“ఏడు చెడిపోయాయి మేడమ్. పైపూత పలచబడి వెలుగు దారిలోనే కారిపోయింది. పూత మార్చాం. ఆర్నెల్లుగా మళ్లీ ఆ తంటా లేదు. ఎప్పటికీ రాదని మాత్రం రాసివ్వలేను. వస్తే చిన్న గాటుతో దారం తీసేస్తాం, కణాలూ దాంతోపాటే వచ్చేస్తాయి.”

ఆవిడ నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది. చేజేతులా కొంప ముంచానా అనుకున్నాడు బాబాయ్.

“మీ ఇంట్లోవాళ్లకైతే పెట్టిస్తారా?”

“నా చేత్తో పోసిన దారం. కళ్లు మూసుకుని పెట్టిస్తా,” అని నాలిక కరుచుకున్నాడు. “కాదులెండి, కళ్లు తెరుచుకునే పెట్టిస్తా. పక్కనే కూర్చుని.”

ఆవిడ మొదటిసారి నవ్వింది. “ఆ ఏడింటి సంగతి చెప్పకపోయుంటే లేచి వెళ్లిపోయేదాన్ని,” అంటూ సంచిలోంచి కాగితం తీసి సంతకం పెట్టింది. మడిచి ఆయన చేతికిచ్చి, కళ్లు తుడుచుకుంటూ గబగబా వెళ్లిపోయింది.

బాబాయ్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇన్ని సంగతులు కూపీ లాగిన అధికారిది ఏ హోదానో చూద్దామని కాగితం విప్పాడు.

సంతకం కింద ‘రోగి తల్లి’ అని ఉంది.