రేవులో దిగిన అక్క

సెలవులకని ఎక్కిన విహారనౌక గాలి ఎక్కువగా ఉందని, ఆగాల్సిన రేవులో ఆగలేదు. రోజంతా నడిసముద్రంలోనే గడిచింది. ఏళ్ల తరబడి చూడని చెల్లెలు ఆ రేవులోనే ఎదురుచూస్తూ ఉంటుందని తలచుకున్నకొద్దీ నర్సమ్మకు ఒళ్లు మండిపోయింది.

"గాలికి భయపడేవాళ్లు ఓడలెందుకు నడపడం?" అని కనిపించిన సిబ్బందినల్లా దులిపేసింది.

చీకటి పడ్డాక, ఆమె పోరు పడలేక, కౌంటరులోని అమ్మాయి ఓడ ఫోను చేతికిచ్చి వెళ్లిపోయింది. హాలంతా ఖాళీ. కింద ఇంజను మూలుగు తప్ప చప్పుడు లేదు.

చెల్లెలు నవ్వుతూ ఎత్తింది. "ఎవరండీ?"

"నేనేనే, అక్కని. మా ఓడ అక్కడ ఆగలేదు. ఎదురుచూసి ఎదురుచూసి అలిసిపోయి ఉంటావు."

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "మా అక్క పొద్దున్నే దిగిందండీ. ఇక్కడే భోజనం చేస్తోంది."

నర్సమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవత్తెనో ఇంట్లో పెట్టుకుని నన్ను అండీ గిండీ అంటావా? నిన్ను చంకనేసుకుని పెంచినదాన్ని. దాన్ని ఫోనులోకి రమ్మను."

ఫోను చేతులు మారింది. ఆ తర్వాత నర్సమ్మ తన గొంతే విన్నది, తనకంటే కోపంగా.

"నా చెల్లెలి ఇంటికి ఈ వేళప్పుడు ఫోను చేయడానికి ఎవరు నువ్వు?"