శిఖంల వల

ఇరిగేషన్ ఏఈ మమతారాణి పాతించిన బోర్డును ప్లాట్లు అమ్మేటోళ్ళు మళ్ళీ పీకి పడేసిండ్రని పొద్దుగూకినంక ఫోనొచ్చింది. 'ఇది చెరువు శిఖం, ఇక్కడ ఇండ్లు కట్టద్దు' అని రాసిన బోర్డది. శిఖమంటే చెరువు నిండితే నీళ్ళు నిలిచే జాగ. ఎన్నిసార్లు పాతినా అంతే. తెల్లారితే ప్లాట్లు చూడనీకి జనం వస్తరు. బోర్డు లేకపోతే కొంటరు, వానకాలం మునుగుతరు. గిదేం నౌకరి అని తిట్టుకుంటనే హుజూరాబాద్ నుంచి స్కూటీ మీద వచ్చింది.

మొరం పోసి పూడ్చిన చెరువుల ప్లాట్ల రాళ్ళు తెల్లగ నిలబడ్డయ్. ఎండకాలం, చుక్క నీళ్ళు లేవు. బోర్డు దొరికింది గని, లేపే ఓపిక లేక దాని మీదనే కూసున్నది.

అప్పుడు కట్ట దిక్కు ఎవరో వల ఇసిరిన సప్పుడైంది. సీసం గుండ్లు మొరం మీద పడ్డ సప్పుడు గాదది. నీళ్ళల్ల పడ్డ సప్పుడు.

ఫోన్ లైటు కొట్టి చూస్తే కట్ట మీద ఒక ముసలాయన వల గుంజుతుండు.

"తాతా, చెరువు పూడ్చి ఏండ్లాయె. ఇంక చేపలెక్కడియి? ఇంటికి పో" అన్నది విసుగ్గ.

ఆయన ఇంకింత గుంజిండు. వల పైకొచ్చింది. దాని నుంచి నీళ్ళు కారుతున్నయ్.

కీచురాళ్ళు ఆగిపోయినయ్. ఆమె చెవులు దిబ్బడ పడ్డయ్.

ముసలాయన అప్పుడు ఆమె దిక్కు చూసి పరేషాన్ అయిండు.

"బిడ్డా, గక్కడెట్ల కూసున్నవే? గాడ రెండు నిలువుల లోతుంటది."

మమతారాణి జవాబు చెప్పబోయింది. నోట్ల నుంచి మాట రాలే. బుడగలొచ్చినయ్.