సున్నా చూపిస్తున్న కాటా

“మళ్ళీ సున్నాయే సార్,” అంది ఆశ.

భీమశంకరరావు కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. కాటా మీద ఇనుప కడ్డీల లారీ నిక్షేపంలా నిలబడి ఉంది. కంప్యూటర్‌లో మాత్రం దాని బరువు సున్నా. వెనక గాజువాక మలుపు దాకా పదకొండు లారీలు బారులు తీరాయి. తూకం చీటీ లేనిదే పోర్టు గేటు దాటనివ్వరు. నాలుగింటికి ఓడ కదులుతుంది. అప్పటికే పన్నెండున్నర.

తప్పు ఆయనదే. ఆ తూకం ప్రోగ్రాం ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. లోపలి కోడ్ విప్పి చూడవచ్చు, కావలసినట్టు మార్చుకోవచ్చు. కాటాకున్న పాత మీటరు అంకెల్ని తిరగేసి పంపుతుంది, ఒక్కోసారి ఒకటి మింగేస్తుంది కూడా. రెండేళ్ళ కిందట, 2002లో, మూడు వారాలు కుస్తీపట్టి ఆయన దానికి తగ్గట్టు కోడ్ మార్చాడు. నిన్న కొత్త వెర్షన్ ఎక్కించినప్పుడు ఆ మార్పు కాస్తా తుడిచిపెట్టుకుపోయింది. కంపెనీలో ఎక్కడా కాపీ లేదు.

లారీ డ్రైవరు తాతబాబు కిటికీలో తల పెట్టాడు. “ఏటి బాబూ, ఇంకెంతసేపు? ఓడెల్లిపోనాక ఈ సరుకేటి సేసుకుంటాం?”

“చూస్తున్నాం తాతబాబూ.”

అతను వెళ్ళాక ఆశ గొంతు తగ్గించింది. ఆ పిల్ల ఉద్యోగంలో చేరి మూడు నెలలే అయింది. ఆఫీసులో ఇంటర్నెట్ ఉన్నది ఆమె కంప్యూటర్‌కే. “ఈ ప్రోగ్రాం వాడేవాళ్ళంతా తమ మార్పుల్ని ఒకచోట పెడతారు కద సార్. ఇలాంటి మీటరు ఇంకెవరికో ఉండకపోదు. వెతకనా?”

“వద్దు.”

“పది నిమిషాలే సార్.”

“వద్దన్నానా? మళ్ళీ నేనే రాస్తాను.”

పెద్దాయనకి ఈ వేళప్పుడు పంతమేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

ఇంతలో యజమాని కృష్ణంరాజు కారు దిగి గబగబా వచ్చాడు. “ఊరికే వచ్చింది ఇలాగే ఏడుస్తుందండీ శంకర్రావు గారూ. కొనుక్కుందామని మొదట్నుంచీ మొత్తుకున్నాను.”

“ప్రోగ్రాం తప్పు కాదు సార్,” ఆశ ఉండబట్టలేక అంది. “మన మార్పు కూడా అందరికీ ఇచ్చి ఉంటే ఇవాళ అక్కణ్ణించే తెచ్చుకునేవాళ్ళం.”

“మనం చెమటోడ్చింది పక్క కాటావాడి చేతుల్లో పోస్తామా? ఒక్క లైను గేటు దాటినా ఆ రోజే ఇంటికి పంపేస్తానని ఈయనకి అప్పుడే చెప్పాను. చెప్పానా లేదాండీ?”

“చెప్పారు.”

“ఇవాళ ఓడ తప్పినా అంతే.”

భీమశంకరరావు కీబోర్డు మీదికి వంగాడు. ఒంటిగంట దాటింది. రెండైంది. రాసినదల్లా తప్పుతోంది. యాభై నాలుగేళ్ళ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారన్న భయం పట్టుకుంది. బయట డ్రైవర్లు అన్నం డబ్బాలు కడుక్కుని, మాటలు మానేసి, ఆయన కిటికీ వైపే చూస్తున్నారు. ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు.

“వెతుకమ్మా,” అన్నాడు నీరసంగా.

పది నిమిషాలు కూడా పట్టలేదు.

“దొరికింది సార్. సరిగ్గా మన మీటరే. మార్పు పెట్టి రెండేళ్ళయింది. చిలీలో ఎవరో దాన్ని వాడుకుని, అంకె మింగేసే చోట ఇంకా బాగుచేసి పెట్టారు.”

మూడు వారాల్లో తనకి తట్టని ఉపాయం ఆ చిలీ మనిషి కలిపిన నాలుగు లైన్లలో ఉంది. ఎక్కించారు. ఇరవై నాలుగు టన్నులని పడింది. చీటీ చేతికి రాగానే తాతబాబు లారీ ఎక్కేశాడు. మూడుంపావుకి కాటా ఖాళీ.

కృష్ణంరాజు నుదురు తుడుచుకుని కుర్చీలో కూలబడ్డాడు. “ఎవడో వెర్రివాడు ఊరికే పెట్టాడు, మనం వాడుకున్నాం. మనది మాత్రం గుమ్మం దాటలేదు. తెలివంటే అదండీ.”

“ఆడమనిషి సార్,” అంది ఆశ. “మొదట పెట్టినావిడ పేరు కింద ఉంది. వెంకటరమణమ్మట. మన వైజాగే.”

“ఈ ఊళ్ళోనేనా?” రాజుగారు లేచి నిలబడ్డాడు. “శంకర్రావు గారూ, ఆవిణ్ణి ఎలాగైనా పట్టుకోండి. రేపే ఉద్యోగం ఇచ్చేద్దాం.”

“కనుక్కుంటాను,” అన్నాడు భీమశంకరరావు, తల ఎత్తకుండా.

కంప్యూటర్ ముట్టుకుని కూడా ఎరగని వెంకటరమణమ్మ ఆయన భార్య.