లోడరు అవతలి గొంతు

రండర్రా, దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే సంగతి కాదు.

ఆ రాత్రి మీ తాతయ్య షెడ్డులో మట్టి ఎత్తే లోడరు బండి ఇనుప చేతికి అరిగిన పిన్నులూ, అవి దూరే బుష్షులూ మారుస్తున్నాడు. అవతల నిలబడి పిన్ను అందుకోవడం నా పని. పిన్ను దూరే రంధ్రాలు కలిశాయో లేదో కడ్డీ పెట్టే చూస్తాం. వేలు పెట్టినప్పుడు ఆ ఇనుప చేయి జారితే వేలు తెగిపోతుంది.

నేను చెప్పకుండా ఇంట్లోకి వెళ్ళి, టీ తీసుకుని షెడ్డు గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన అడుగుతున్నాడు. "కలిశాయటే?"

"కలిశాయి. వేలు పెట్టి చూడండి," అంది లోడరు అవతల నుంచి నా గొంతు.

"ఇన్నేళ్ళకి నాకే పని నేర్పుతున్నావే," అని నవ్వి, ఆయన కడ్డీ కింద పెట్టాడు.

"ఏమండీ," అన్నాను వెనక నుంచి.

ఆయన తిరిగి నన్ను చూశాడు, టీ గ్లాసులు చూశాడు. వేలు రంధ్రం అంచున ఆగింది.

"పెట్టండి," అంది అవతల నుంచి మళ్ళీ నా గొంతే, మెల్లగా.

గుర్తుపెట్టుకుని మీ పిల్లలకూ చెప్పండి. వేలు పెట్టమంటే, అది నా గొంతైనా సరే వినకండి.