డబ్బాలో మిగిలిన ముక్క

"నాన్న నీకు యాపిల్ కేకు తినిపించింది ఇక్కడే," అన్నాడు ఓర్విల్, పాత రైలు సొరంగం మొగలో చేతికర్రతో నేల పొడుస్తూ. వెస్ట్ వర్జీనియాలో ఆ కొండలోని బొగ్గు గని మూతబడి ఇరవై ఏళ్లయినా, అరవై ఏళ్లనాటి కేకు ముక్క ఆయన గొంతుకు ఇంకా అడ్డంపడే ఉంది.

"గనిలోకి పట్టుకెళ్లిన తిండి డబ్బాలో మిగిల్చి తెచ్చింది రోజూ నీకే. నేనేం పాపం చేశాన్రా?"

తమ్ముడు క్లైడ్ గోడకు చేరగిలబడి, బొగ్గుపొడి తిన్న ఊపిరితిత్తులు కుదుటపడేదాకా దగ్గాడు.

"గనిలోకి వెళ్లొచ్చిన తిండి తిన్న పిల్లాణ్ణి గని పిలుచుకుంటుందని నాన్న నమ్మకం అన్నా. 'ఇద్దర్నీ చదివించలేను, పెద్దాణ్ణి చదివిస్తా. వాడికి మాత్రం ఇది పెట్టకు' అని నాతో అనేవాడు."

బడిపంతులుగా రిటైరైన ఓర్విల్ చేతికర్ర గోడకు ఆనించి తమ్ముడి వైపు తిరిగాడు.

"తెలిసే తిన్నావా?"

"ఎనిమిదేళ్లవాడికి కేకు ముందు గనెంత? పెద్దయ్యాక నీ పుస్తకాల సంచి చూసి నేనూ కుళ్లుకున్నాన్లే."

క్లైడ్ తన భుజాన వేలాడుతున్న నాన్న డబ్బా తెరిచి, కేకు ముక్క తీసి అన్న చేతిలో పెట్టాడు. "ఇప్పుడు తిను. నిన్ను పిలవడానికి గని లేదుగా."

ఓర్విల్ కొరికాడు. ఈసారి అది నిజంగానే గొంతు దిగలేదు.